మనుగడ ఆటల్లో కట్టడాల శిథిలత, పోషణ: పెద్దాపురం పెంకుటిళ్ల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
మనుగడ ప్రధానమైన వీడియో ఆటల్లో ఆటగాడు కట్టిన ఇల్లు దానంతటది నిలిచి ఉండదు. కాలం గడిచేకొద్దీ అది శిథిలమవుతుంది. నిలబెట్టుకోవాలంటే సామగ్రి గానీ, శ్రమ గానీ, కనీసం ఆటగాడి ఉనికి గానీ చెల్లించాలి. రస్ట్, ఆర్క్, వాల్‌హైమ్, సీజర్ 3 అనే నాలుగు ఆటల్లో ఈ నియమం ఎలా పనిచేస్తుందో ఈ వ్యాసం వివరిస్తుంది. ఆ నియమాలను పెద్దాపురం పరిసరాల్లోని తాటాకు ఇళ్లు, పెంకుటిళ్లు, మండువా లోగిళ్ల పోషణ పద్ధతులతోనూ, వాటికి సంబంధించిన తెలుగు పదజాలంతోనూ పోల్చి చూస్తుంది. ఇంటిపై హక్కును, ఇంటి పట్ల బాధ్యతను ఒకేచోట ముడివేయడం ఆటలోని పోషణ నియమానికి మూలమనీ, పాత ఇళ్లు పాడుపడటానికి ఆ ముడి విడిపోవడం ఒక ప్రధాన కారణమనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మనుగడ ఆటలు, శిథిలత, పోషణ, మరమ్మతు, పెంకుటిల్లు, మండువా లోగిలి, జీర్ణోద్ధారణ, పెద్దాపురం.

1. ఉపోద్ఘాతం:
"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న సామెత తెలుగువారందరికీ తెలిసినదే. ఇల్లు కట్టడంలోని కష్టాన్ని ఈ సామెత గుర్తించింది. కట్టిన ఇంటిని యాభై, అరవై ఏళ్లు నిలుపుకోవడంలోని కష్టాన్ని మాత్రం ప్రస్తావించలేదు. మరమ్మతు సాధారణంగా ఎవరి దృష్టికీ రాని పని. అది జరిగినంతకాలం జరుగుతున్నట్టే తెలియదు. ఆగిపోయిన తరువాతే దాని విలువ కనిపిస్తుంది.

ఈ కనిపించని పనిని లెక్కకు తెచ్చి అంకెల్లో చూపించిన మాధ్యమాల్లో వీడియో ఆట ఒకటి. ఆట రూపకర్త ప్రతి గోడకూ ఒక ఆయుష్షు, ప్రతి కప్పుకూ ఒక ఖర్చు నిర్ణయించక తప్పదు. అందువల్ల శిథిలత గురించి ఒక సమాజం ఏమనుకుంటున్నదో ఆట నియమాల్లో స్పష్టంగా చదవవచ్చు. తెలుగు సమాజం ఇదే విషయంపై ఏమనుకున్నదో చదవడానికి ఇల్లు కట్టే పనివారి మాటలు ఆధారం. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాల పరంపరలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వ్యవసాయ పదాల సంపుటి 1962లో వెలువడింది. ఇంటి కట్టుబడి పదాలకు బూదరాజు రాధాకృష్ణ సంపాదకత్వంలో వేరొక సంపుటి వచ్చింది. వృత్తిపదాలు కేవలం పేర్లు కావనీ, అవి పని చేసే పద్ధతిని దాచుకున్న జ్ఞానమనీ ఆ కృషి నిరూపించింది. ప్రస్తుత పరిశీలనకు అదే దృక్పథం ఆధారం.

2. ఆటల్లో శిథిలత పనిచేసే తీరు:

2.1 నిల్వ మీద ఆధారపడిన పోషణ:
ఫేస్‌పంచ్ స్టూడియోస్ రూపొందించిన రస్ట్ 2013లో తొలిరూపంలో, 2018లో పూర్తిరూపంలో విడుదలైంది. ఇందులో పుల్లలు, కలప, రాయి, రేకు, ఉక్కు కవచం అనే మెట్ల వరుసలో ఇంటిని బలపరచుకోవచ్చు. ఇంట్లో పనిముట్ల బీరువా ఒకటి అమర్చాలి. అందులో పేరు నమోదైనవారికే ఆ పరిధిలో కట్టే హక్కు ఉంటుంది. ఇంటి పోషణకు కావలసిన కలప, రాయి, లోహం ఆ బీరువాలోనే నిల్వ చేయాలి. ఆట ప్రతి 24 గంటలకు లెక్కగట్టి ఆ నిల్వలోంచి కొంత కొంతగా తీసుకుంటుంది. చిన్న ఇంటికి ఈ ఖర్చు కట్టుబడి విలువలో 10 శాతం. ఉదాహరణకు 3000 రాళ్లతో కట్టిన చిన్న ఇంటికి రోజుకు 300 రాళ్లు కావాలి. ఇల్లు పెరిగేకొద్దీ అదనపు భాగాలపై ఈ శాతం పెరిగి, చివరికి మూడోవంతుకు చేరుతుంది. నిల్వ ఖాళీ అయితే శిథిలత మొదలవుతుంది. సాధారణ సర్వర్లలో పూర్తిగా నశించడానికి కలప గోడకు 3 గంటలు, రాతి గోడకు 5 గంటలు, రేకు గోడకు 8 గంటలు పడుతుంది.

ఈ నియమానికి రెండు ప్రయోజనాలున్నాయి. వదిలివెళ్లినవారి కట్టడాలు తొలగి కొత్తవారికి చోటు దొరుకుతుంది. అవసరానికి మించి కట్టేవారికి ఆ పెద్దరికం భారమవుతుంది.

2.2 ఉనికి మీద ఆధారపడిన పోషణ:
స్టూడియో వైల్డ్‌కార్డ్ రూపొందించిన ఆర్క్: సర్వైవల్ ఇవాల్వ్‌డ్ (2017) వేరొక పద్ధతిని అనుసరించింది. గడ్డి, కలప, రాయి, లోహం అనే క్రమంలో కట్టడానికి గడువు పెరుగుతుంది. ఆ గడువులోగా సొంతదారుల బృందంలో ఒక్కరు కట్టడం సమీపానికి వచ్చినా చాలు, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇక్కడ మూల్యం సామగ్రి కాదు, మనిషి వచ్చి చూడటమే.

2.3 వాన, శ్రమ:
ఐరన్ గేట్ స్టూడియో 2021లో తొలిరూపంలో విడుదల చేసిన వాల్‌హైమ్‌లో శిథిలతకు కారణం వాన. కప్పు నీడ లేని కలప వానకు తడిసి సగం బలానికి పడిపోతుంది. అక్కడితో ఆగుతుంది గాని వాన వల్లనే కూలిపోదు. సుత్తి చేతబట్టి వెళ్తే సామగ్రి ఖర్చు లేకుండా బాగుచేయవచ్చు. 1998 నాటి సీజర్ 3 నగర నిర్మాణ ఆట. ఇందులో ఇంజనీరు వీధుల వెంట నడుస్తూ ఉంటాడు. అతని దారిలో పడిన కట్టడాల ప్రమాదం తగ్గుతుంది. అతడు రాని వీధిలోని కట్టడం ఒకనాడు కుప్పకూలుతుంది. మరమ్మతును ఒక మనిషి చేసే రోజువారీ పనిగా చూపడం ఈ ఆట విశిష్టత.

3. పెద్దాపురం ప్రాంతంలో ఇంటి పోషణ:
పెద్దాపురం గోదావరి డెల్టా అంచున, మెట్ట భూములు మొదలయ్యే చోట ఉన్న పట్టణం. వత్సవాయి వంశీయుల సంస్థానానికి కేంద్రంగా ఉండి, 1915లో పురపాలక సంఘమైంది. 2022 జిల్లాల పునర్విభజనలో కాకినాడ జిల్లాలో చేరింది. నైరుతి ఋతుపవనాల వానలు, ఆ తరువాత అక్టోబరు, నవంబరు నెలల తుఫానులు ఇక్కడి ఇళ్లకు ఏటా పరీక్ష పెడతాయి. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫాను గోదావరి జిల్లాల్లో కప్పులను ఎగరగొట్టి, కొబ్బరి తోటలను నేలకూల్చింది.

3.1 తాటాకు కప్పు:
ఆటల్లోని పుల్లలు, గడ్డి మెట్టుకు ఇక్కడ తాటాకు ఇల్లు సమానం. దీనికి కప్పు వేయించడాన్ని "ఇల్లు నేయించడం" అంటారు. బట్టకు వాడే క్రియనే ఇంటికీ వాడటం గమనార్హం. నేసినది చిరుగుతుందనీ, మళ్లీ నేయవలసిందేననీ ఈ మాటలోనే అంగీకారం ఉంది. రోహిణి కార్తె ఎండల్లో ఆకు సిద్ధం చేసుకుని, మృగశిర చినుకులకు ముందే పని ముగించుకోవడం ఆనవాయితీ. వంటింటి పొగ కప్పులోకి ఎక్కి పురుగును దూరం పెడుతుంది. పొయ్యి వెలగని ఇంటి కప్పు అందుకే త్వరగా పాడవుతుంది.

3.2 పెంకు కప్పు:
కుమ్మరి చేసిన గూనపెంకు, తరువాతి కాలంలో వచ్చిన బెంగుళూరు పెంకు ఈ ప్రాంతంలో రెండు ప్రధాన రకాలు. గాలికి, పిల్లులకు, కోతులకు గూనపెంకు జరుగుతుంది. ఆ సందులోంచి దిగిన నీరు మొదట వాసాన్నీ, తరువాత దూలాన్నీ కుళ్లబెడుతుంది. కొన్నేళ్లకొకసారి పెంకునంతా దించి, పగిలినవి ఏరివేసి, చివికిన వాసాలు మార్చి, మళ్లీ పేర్చడాన్ని "పెంకు తిరగవేయడం" అంటారు. ఈ పనిలో కొత్త సామగ్రి కొద్దిగానే పడుతుంది. ఖర్చంతా చేయి తిరిగిన పనివాడి కూలిదే.

మండువా లోగిలిలో నాలుగు వైపుల కప్పులూ నడుమ ఉన్న మండువా వైపు వాలి ఉంటాయి. రెండు వాలులు కలిసే మూలలో నీరు ఎక్కువగా చేరుతుంది. ఆ మూల, మండువా నీటిని వీధిలోకి పంపే తూము, ఈ రెండూ ఆ ఇంటికి ఆయువుపట్లు. తూములో చెత్త చేరితే మండువా చుట్టూ ఉన్న స్తంభాల మొదళ్లు నానిపోతాయి. పొద్దున్నే మండువా ఊడ్చే చీపురు ఆ విధంగా ఇంటి కట్టుబడిని కూడా కాపాడుతుంది.

3.3 గోడ, సున్నం:
పాత గోడలకు గానుగ సున్నమే అతుకు, పూత కూడా. గానుగలో ఇసుకతో కలిపి నూరిన సున్నానికి బెల్లం నీరు, కరక్కాయ కషాయం చేర్చేవారు. సున్నపు గోడ తేమను పీల్చుకుని తిరిగి విడుస్తుంది. ఇటువంటి గోడపై సిమెంటు పూత పూస్తే తేమ లోపలే నిలిచి, పూత పెచ్చులూడి, గోడ మరింత బలహీనపడుతుంది. మరింత బలమైన పదార్థం వాడితే ఇల్లు మరింత నిలుస్తుందన్న ఆటల సూత్రం ఇక్కడ చెల్లదు. ఏటా పండుగకు వేసే వెల్ల, నేలకు చేసే అలుకు కూడా పోషణలో భాగాలే.

4. పోలికలు, భేదాలు:

4.1 శిథిలత దారి:
రస్ట్‌లో శిథిలత గడియారాన్ని అనుసరిస్తుంది. పెంకుటింట్లో అది నీటిని అనుసరిస్తుంది. ఒక్క పెంకు జరగడం, వాసం తడవడం, చెద పట్టడం, దూలం కుంగడం, గోడ విచ్చడం అనే గొలుసులో మొదటి మెట్టు దగ్గర మరమ్మతు చాలా చవక. చివరి మెట్టు దగ్గర అది దాదాపు కొత్త ఇంటి ఖర్చు. ఈ విషయంలో వాల్‌హైమ్ వాస్తవానికి కొంత దగ్గరగా ఉంది. అయితే సగం బలం దగ్గర ఆగే దయ గోదావరి వానకు లేదు.

4.2 శ్రమ:
బీరువాలో సామగ్రి ఉంటే రస్ట్ ఇల్లు తనను తాను బాగుచేసుకుంటుంది. పనివాడు కనిపించడు. తెలుగులో పోషణకు సంబంధించిన మాటలన్నీ క్రియలే: నేయడం, తిరగవేయడం, అలకడం, వెల్లవేయడం. ప్రతి క్రియ వెనుక ఒక చేయి ఉంది. గూనపెంకు పేర్చగల పనివారు తగ్గిపోతే, డబ్బు ఉన్నా ఇల్లు నిలవదు. ఈ సత్యాన్ని సీజర్ 3లోని నడిచే ఇంజనీరు మాత్రమే కొంతవరకు పట్టుకున్నాడు.

4.3 హక్కు, బాధ్యత:
ప్రధానమైన భేదం ఇదే. రస్ట్ బీరువాలో కట్టే హక్కు, పోషించే బాధ్యత ఒకేచోట ఉన్నాయి. పేరు నమోదైనవారిలో ఎవరైనా అందులో రాయి వేయవచ్చు. వేయకపోతే అందరి ఇల్లూ పోతుంది. పాత లోగిలి వారసులకు వచ్చేసరికి హక్కు వాటాలుగా చీలుతుంది. ఒకరు హైదరాబాదులో, ఒకరు అమెరికాలో, ఒకరు ఊళ్లోనే ఉంటారు. పెంకు తిరగవేయించడానికి ఊళ్లో ఉన్నవారు ముందుకు రావాలంటే, రేపు పంపకాల్లో ఆ ఖర్చు లెక్కకు వస్తుందన్న భరోసా ఉండదు. అమ్మడానికి అందరి సంతకాలూ కావాలి. బాగుచేయడానికి ఎవరి పూచీ లేదు. తాళం మాత్రం అందరిదీ. ఆర్క్ ఆటలో ఒక్కరు వచ్చి చూసినా గడువు పెరుగుతుంది. తాళం వేసిన లోగిలిలో సంక్రాంతికి ఒకనాడు వచ్చి దీపం పెట్టి వెళ్లినంత మాత్రాన కారే మూల ఆగదు. అయినా ఆ రాక వృథా కాదు. కారుతున్నదని తెలిసేది అప్పుడే.

5. ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణ:
హక్కుకూ పోషణకూ ముడి వేయడం తెలుగు దేశానికి కొత్త కాదు. మధ్యయుగ దానశాసనాల్లో ఆలయాలకు భూములిచ్చేటప్పుడు "ఖండస్ఫుటిత జీర్ణోద్ధారణ" అన్న ప్రయోజనాన్ని పేర్కొనడం పరిపాటి. విరిగినవి, బీటలు వారినవి, శిథిలమైనవి బాగుచేయడానికని దాని అర్థం. కట్టిన రోజునే కూలే రోజును ఊహించి, దాన్ని వాయిదా వేయడానికి పొలం ఆదాయాన్ని కేటాయించిన ఏర్పాటు ఇది. ఆటలోని బీరువా చేసే పనిని ఆ మాన్యం చేసింది. నివాస గృహానికి మాత్రం ఇటువంటి నిధి ఏర్పడలేదు. ఉమ్మడి కుటుంబమే దాని నిధి. ఆ కుటుంబం విడిపోయినప్పుడు ఇంటితోపాటు పోషణ నిధి కూడా విడిపోయింది.

6. ఉపసంహారం:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• మనుగడ ఆటల్లో శిథిలత శిక్ష కాదు. వదిలివెళ్లినవారి చోటును ఉన్నవారికి తిరిగి ఇచ్చే ఏర్పాటు. రస్ట్‌లో నెలకొకసారి సర్వర్ మొత్తం తుడిచిపెట్టడం వల్ల అక్కడ ఏ నష్టమూ శాశ్వతం కాదు. ఊరికి ఆ సౌకర్యం లేదు. కూలిన లోగిలి తిరిగి రాదు.

• ఆటలు పోషణను సామగ్రిగా లెక్కిస్తాయి. తెలుగు వృత్తిపదజాలం దానిని శ్రమగా, ఋతువుతో ముడిపడిన క్రియగా గుర్తిస్తుంది. ఈ క్రియాపదాలను గోదావరి సీమలో పనివారి నోటి నుంచి సేకరించడం భాషా పరిశోధనకూ, పాత ఇళ్ల పరిరక్షణకూ అవసరం.

• పాత ఇంటిని నిలపడానికి ముందు పరిష్కరించవలసినది పూచీ సమస్య. వారసులందరి పేరిట చిన్న మరమ్మతు నిధి, అందులోంచి ఖర్చు పెట్టే అధికారం ఊళ్లో ఉన్న ఒకరికి రాతపూర్వకంగా ఇవ్వడం, ఆ ఖర్చు పంపకాల్లో లెక్కకు వచ్చేలా ముందే ఒప్పుకోవడం అనే మూడు ఏర్పాట్లు ఉంటే, ఏటా మృగశిరకు ముందు పెంకు సర్దేవారికి కబురు వెళ్తుంది.