మాఘమాసములో గూబల పలుకు

మాఘము వచ్చిందంటే మన కర్నూలు, కడప సీమలలో పనుల తీరు మారుతుంది. నల్లరేగళ్ళలో శనగ కోతకు వచ్చి ఉంటుంది. కొన్ని ఊళ్ళలో అప్పుడే కల్లము చేరి ఉంటుంది. జొన్న కంకి కోసి చొప్పవాములు వేస్తూ ఉంటారు. మోదుగచెట్టు ఆకు రాల్చి ఎర్రగా పూస్తుంది. ఈ రోజులలో రాత్రి కల్లము కావలి పడుకొన్నవారికి గుట్టవైపు నుండి ఒక పలుకు వినబడుతుంది. ఖాళీ కుండలో నోరు పెట్టి "బు... హూ" అన్నట్లు ఉంటుంది ఆ పలుకు. విన్నవారిలో కొందరు "రామ రామ" అనుకొని దుప్పటి ముసుగు పెట్టుకొంటారు. ఆ ముసుగు తీసి కాస్త చెవి ఒగ్గి వినవలసిన కాలమే ఇది. ఏమంటే, మన చేలలో ఎలుకను పట్టే కూలి అడగని జీతగాడు పిల్లలను పెంచుకొనే నెలలు ఇవే.

గూబలన్నీ ఒక్కటి కావు. మన మెట్టసీమలో రైతు కంట తరచుగా పడేవి మూడు. పైన చెప్పిన "బు... హూ" పలుకు పెద్ద గుడ్లగూబది. తలమీద రెండు ఈకల కొమ్ములు, నారింజపండు రంగు కళ్ళు, మూరెడుకు మించిన ఒడ్డు ఉంటుంది. రెండవది పైడికంటి. గుప్పెడంత పిట్ట, బూడిద రంగు ఒంటిమీద తెల్లని చుక్కలు, పసుపు కళ్ళు. ఊరి చింతచెట్టులోనో, యాపచెట్టు తొర్రలోనో జంటగా ఉంటుంది. పొద్దు గూకగానే ఆలుమగలు తగవులాడుకొన్నట్లు కిచకిచలాడుతుంది. మూడవది తెల్లగూబ. ముఖము చేట ఆకారములో తెల్లగా ఉంటుంది. పాడుబడిన గుడి గోపురాలు, కోట బురుజులు, పాత బావులు దాని కాపురము. అరుపు మాత్రము గుండె ఝల్లుమనేటట్లు కీచుమంటుంది. అందుకే పాపము దానికి చావుపిట్ట అనే పేరు వచ్చింది.

పెద్ద గుడ్లగూబ గూడు కట్టదు. ఇది రైతులకంటే రాతి గనులలో పనిచేసేవారికి ముఖ్యముగా తెలియవలసిన సంగతి. బండ అంచుమీద, వంక గట్టు కోసుకుపోయిన చోట, పొద చాటున ఉత్త నేలమీదనే రెండు మొదలు నాలుగు గుడ్ల వరకు పెడుతుంది. నవంబరు నుండి ఏప్రిల్ వరకు దీనికి గుడ్ల కాలము, అందులోనూ మాఘ ఫాల్గుణాలలో ఎక్కువ. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాలలో బండలు తీసి వదిలేసిన గోతులు ఎన్నో ఉన్నవి గదా, ఈ పక్షికి నచ్చే చోట్లు సరిగ్గా అటువంటివే. మనిషి తవ్వి వదిలినదే దానికి కొండచరియ. పిల్లలు రెక్క రాకముందే నేలమీద నడిచి పొదలలో దాగుకొంటవి. అట్టి పిల్ల కనబడితే తల్లి వదిలేసినదని ఇంటికి తెచ్చుకోరాదు. తల్లి ఎదుటి బండమీదనే ఉండి చూస్తూ ఉంటుంది. పాత గోతిలో మళ్ళీ మందుపాతర పెట్టదలచినవారు రెండు నెలలు ఓపిక పడితే పిల్లలు ఎగిరిపోతవి. వేరే గోతిలో పని సాగించుకోవచ్చును.

తెల్లగూబ పిల్లలను గురించి ఒక ముచ్చట. 2017లో విశాఖపట్నములో కట్టడపు పని జరిగే ఒక చోట మూడు పిల్లలు బయటపడ్డవి. పొడుగు కాళ్ళు, తెల్లని ముఖము, నల్లని కళ్ళు, నిటారుగా నిలబడిన తీరు చూసి ఇవి వేరే లోకమునుండి దిగిన జీవులేమో అని జనము చెప్పుకొన్నారు. ఆ చిత్రము దేశదేశాలు తిరిగింది. తీరా చూస్తే అవి ఊరూరా ఉండే గూబ పిల్లలే! మన ఇంటి చూరుకింద కాపురముండే పక్షిని మనము ఎంత తక్కువగా ఎరుగుదుమో చూశారా?

ఇక భయము సంగతి. గూబ మిద్దెమీద వాలితే ఆ ఇంట కీడు జరుగుతుందని, ఇంట్లో దూరితే ఇల్లు పాడుపెట్టి శాంతి చేయించవలెనని మన పెద్దలు అనేవారు. పెద్దలను తప్పుపట్టే పని లేదు గాని, కారణము విచారించవలెను. పూర్వము ఊరంతా చీకటిగా ఉన్న రోజులలో రాత్రంతా దీపము వెలిగేది రోగి ఉన్న ఇంట్లోనే. దీపానికి పురుగు చేరును. పురుగుకోసము పైడికంటి చేరును. రోగి పోతే నింద పిట్టమీద పడును. ఇట్లా పుట్టిన నమ్మకమై ఉండవచ్చును. వంగదేశమునకు పోతే అదే గూబ లక్ష్మీదేవి వాహనము! అక్కడ ఇంటికి వస్తే సంతోషిస్తారు. పక్షి ఒకటే, పేరు మాత్రము ఊరిని బట్టి మారింది. అయితే ఆ లక్ష్మి పేరే కొన్నిచోట్ల దాని ప్రాణము తీస్తున్నది. దీపావళి సమయములో క్షుద్రపూజలకు గూబలను పట్టి అమ్ముతున్నారని 2010లో ట్రాఫిక్ ఇండియా సంస్థ నివేదిక ప్రకటించింది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము గూబను పట్టినా, చంపినా, అమ్మినా నేరమే.

చీకటిలో అది ఎలుకను ఎట్లా పట్టగలదు? చూపుతోనే అనుకొంటాము. చూపు మంచిదే. కాని కళ్ళు గూటిలో కదలవు, అందుకే తలను ముప్పాతిక చుట్టు తిప్పుతుంది. తెల్లగూబ అసలు ఆయుధము చెవి. దాని రెండు చెవులు ఒకే ఎత్తున ఉండవు, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి ఉంటవి. చేటవంటి ముఖము శబ్దాన్ని కూడగట్టి చెవులకు పంపుతుంది. ఒక చెవికి ముందు, రెండవదానికి వెనుక, ఒకదానికి గట్టిగా, రెండవదానికి మెల్లగా చేరే తేడాను బట్టి ఎలుక ఎక్కడ ఉన్నదో కనిపెడుతుంది. అమెరికాలో శాస్త్రజ్ఞులు గది మొత్తము చీకటి చేసి పరీక్షించినా తెల్లగూబ ఎలుకను గురి తప్పక పట్టింది. రెక్క అంచున ఈకలు దువ్వెన పళ్ళలాగా ఉండి గాలి చప్పుడును అణచివేస్తవి. కాబట్టి ఎలుకకు దాని రాక తెలియదు.

అది ఏమి తింటున్నదో తెలుసుకొనుటకు పుస్తకము అక్కరలేదు. గూబ ఎలుకను చాలావరకు అట్లాగే మింగి, అరగని ఎముకలను, వెంట్రుకలను ఉండచేసి కక్కుతుంది. గూబ కూర్చునే చెట్టుకింద, బురుజుకింద, సున్నము చల్లినట్లు తెల్లని మరకలు కనబడితే అక్కడ వెదకండి. బొటనవేలి లావున బూడిదరంగు ఉండలు దొరుకుతవి. గ్రామసేవకులు, వ్యవసాయ విస్తరణోద్యోగులు ఈ ప్రదర్శన ఏ ఊరిలోనైనా కానీ ఖర్చు లేకుండా చేయవచ్చును. నాలుగు ఉండలను తెచ్చి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, పుల్లతో విడదీసి, తెల్లకాగితముమీద పుర్రెలను వరుసగా పెట్టండి. ముందుపళ్ళు పొడవుగా, పసుపురంగులో ఉంటే అది ఎలుక పుర్రె. చిట్టెలుకది చిన్నది, పందికొక్కుది పెద్దది. పైడికంటి ఉండలో ఎక్కువగా పెంకు పురుగుల రెక్కలు, కీచురాళ్ళ కాళ్ళు కనబడును. పాతికమంది రైతులను కూర్చోబెట్టి గంటసేపు ఉపన్యసించినదానికంటే ఆ కాగితము ఎక్కువ చెప్పుతుంది. చేయి కడుక్కోవడము మాత్రము మరువరాదు. మన బేతంచెర్ల దగ్గర బిల్లసర్గము గుహలున్నవి గదా. 1880ల్లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు అక్కడ తవ్వి ప్రాచీన జంతువుల ఎముకలు బయటికి తీశారు. ఇటువంటి గుహలలో చిన్నజంతువుల ఎముకలు రాశిగా పడి ఉండుటకు గూబలు కక్కిన ఉండలు ఒక ముఖ్య కారణమని పరిశోధకులు చెప్పుతారు. అంటే గూబ మన సీమలో ఎలుకను పట్టడము నిన్న మొన్నటిది కాదు.

పైడికంటిని పురుగులు తినే పిట్ట అని చులకన చేయరాదు. బుడ్డలు వేసే రైతుకు వేరుపురుగు బాధ తెలుసును. ఆ పురుగు తల్లి పెంకుపురుగు తొలకరి వాన పడగానే సందెవేళ భూమిలోనుండి లేచి యాప, రేగు చెట్లమీద ముసురుతుంది. అదే వేళకు పైడికంటి ఆ చెట్టుమీదనే బయలుదేరుతుంది. ఒక్క తల్లిపురుగు పోతే అది పెట్టబోయే గుడ్లన్నీ పోయినట్లే గదా. మాఘములో ఆ పిట్ట ఉన్న తొర్ర చెట్టును వంటచెరకుకు కొట్టివేస్తే జ్యేష్ఠములో ఆ సాయము ఉండదు.

అయితే ఉన్నమాట చెప్పవలెను. గూబ ఉన్నది గదా అని చేతులు ముడుచుకొంటే ఎలుక ఆగదు. గూబ రాత్రికి ఒకటి రెండు ఎలుకలను తింటుంది. పిల్లలున్నప్పుడు ఇంకా ఎక్కువ పట్టుతుంది. ఎలుక మాత్రము మూడు వారాలకే ఈని, ఒక్కో ఈతకు ఆరేడు పిల్లలను పెట్టగలదు. గట్లను సన్నగా చెక్కుకోవడము, కలుగులు తవ్వడము, పాతరల మూతలు, గరిసెల అడుగు చూసుకోవడము మన పనే. ఆ పని చేసిన పొలములో గూబ ఎలుకను తిరిగి పెరగనీయకుండా కాపు కాస్తుంది.

ఎర విషము దగ్గరే పెద్ద చిక్కు. బ్రోమాడియోలోన్ ఎర తిన్న ఎలుక వెంటనే చావదు. రక్తము గడ్డకట్టే గుణము పోయి నాలుగైదు రోజులు మందముగా, తూలుతూ తిరుగుతుంది. గూబకు అందరికంటే ముందు దొరికేది అదే. అట్టి ఎలుకలను పట్టి పట్టి తిన్న గూబకూ ఆ విషము ఒంటబట్టును. పిల్లలకు మేపితే వాటికీ అంతే. మాఘములో ఒక్కొక్కరు తమ కల్లము చుట్టూ ఎర చల్లి, పక్కవాడు చల్లకపోతే, పక్క చేని ఎలుక ఇటు వచ్చును, గూబ మాత్రము పోవును. నష్టము రెండు వైపులా. ఎర పెట్టక తప్పనప్పుడు ఊరంతా కలిసి, పైరు వేయకముందు, ఎలుకలు తక్కువగా ఉన్నప్పుడు, కలుగులోపలనే పెట్టి మూయవలెను. మరునాటినుండి వారము దాకా ఉదయము చేను తిరిగి చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చవలెను. ఈ ఏరే పని విసుగైనది, చాలామంది చేయరు. నా మట్టుకు నేను చెప్పేదేమంటే, ఏరే ఓపిక లేనివారు ఎర పెట్టకపోవడమే మేలు.

ఇండ్లు కరువైన సంగతి కూడా ఉన్నది. కపిల తోలిన కాలపు రాతికట్టు బావులలో సందుకొక పిట్ట ఉండేది. గొట్టపు బావులు వచ్చి నీరు దిగిపోయినాక ఆ పాత బావులను చాలా ఊళ్ళలో పూడ్చివేశారు. పూడ్చక తప్పకపోతే ముందు టార్చి వేసి సందులు చూడండి. గుడ్లో పిల్లలో ఉంటే వేసవి దాకా ఆపండి. బదులుగా పెట్టెలు కట్టవచ్చును. ఇజ్రాయెల్‌లో 1983 నుండి పొలాలలో తెల్లగూబకు పెట్టెలు పెట్టి ఎలుకను అదుపు చేస్తున్నారు. తరువాత పొరుగు దేశమైన జోర్డాను రైతులు కూడా ఆ పనిలో చేరారు. మలేసియాలో నూనెతాటి తోటలలోనూ ఇదే పద్ధతి నడిచింది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న చెక్కపెట్టెకు ఆరంగుళాల ద్వారము పెట్టి, పది పదిహేను అడుగుల ఎత్తున కట్టవలెను. మన ఎండలు వారి ఎండలకు తీసిపోవు గనుక రేకుపెట్టె పనికిరాదు. చెట్టు నీడన, ద్వారము తూర్పుకు ఉండేటట్లు కట్టండి. మొదటి ఏడు పిట్ట రాకపోతే పెట్టెను విప్పవద్దు.

పెట్టెకంటే సుళువైనది పంగల కర్ర. శనగలో పచ్చపురుగుకోసము ఎకరాకు పది దాకా పంగల కర్రలు నాటమని వ్యవసాయశాఖవారు చెప్పుతూనే ఉన్నారు. పగలు నల్లంచి, గోరువంక వాటిమీద వాలి పురుగును ఏరుతవి. రాత్రి అదే కర్రమీద పైడికంటి కూర్చుంటుంది. రెండు మూడు కర్రలను ఆరేడడుగుల ఎత్తువి నాటితే తెల్లగూబకూ పనికి వచ్చును. జొన్నలో గింజ పాలుపోసుకొనేటప్పటికి మాత్రము కర్రలు పీకివేయవలెను, లేకుంటే గింజ తినే పిట్టలకు మనమే పీట వేసినట్లగును.

రాత్రి పక్షుల మాట వచ్చింది గనుక కలివికోడిని తలవకుండా ఉండలేము. 1900లో చివరిసారిగా చూసి, అంతరించినదని అందరూ అనుకొన్న ఆ పక్షి 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర చిట్టడవిలో మళ్ళీ దొరికింది. దొరకబట్టుటకు సాయపడినది పిట్టలు పట్టే స్థానికుడే. రాత్రి అడవిలో ఏ పలుకు ఎవరిదో వాళ్ళకు తెలుసు. లంకమల అభయారణ్యము 1988లో ఆ పక్షికోసమే ఏర్పడింది. అదే ఏడు బట్టమేకపిట్టకోసము రోళ్ళపాడు అభయారణ్యము ఏర్పడింది. రోళ్ళపాడు 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉన్నది. బట్టమేకపిట్ట అక్కడ కనబడక ఏళ్ళయింది గాని, చలికాలములో మధ్య ఆసియానుండి వచ్చే పిల్లిగద్దలు ఆ గడ్డిలో రాత్రి నేలమీదనే గుంపుగా నిద్రించి, పగలు చేలలో మిడతలను పట్టుతవి. పొట్టి కొమ్ముల గూబ అనే చలికాలపు అతిథి కూడా ఇటువంటి బీళ్ళలోనే నేలమీద పండుకొంటుంది. ఫాల్గుణము దాటేలోపల ఇవన్నీ ఉత్తరానికి మళ్ళుతవి. కాబట్టి బీడుకు నిప్పు పెట్టేవారు ఈ రెండు నెలలు ఆగవలెను.

ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా పక్షుల లెక్క జరుగుతుంది. మన దేశము 2013 నుండి అందులో చేరింది. చదువుకొన్న పిల్లలు సెల్‌ఫోనులోనే ఆ లెక్క పంపవచ్చును. పావుగంటసేపు ఒకచోట నిలబడి, ఏ పిట్టలు ఎన్ని అని వ్రాస్తే చాలును. మన ఊళ్ళనుండి పోయే లెక్కలో కాకి, గోరువంక ఉంటవి, గూబ ఉండదు, ఎందుకంటే పగలే చూస్తారు. పొద్దుగూకినాక ఊరి చింతచెట్టుకింద, తరువాత గుట్ట మొదట్లో పావుగంట చొప్పున నిలబడండి. లైటు గూటిలోకి వేయవద్దు, చెవితో వింటే చాలును. ఏ వైపునుండి పలికింది, ఒక్కటా జంటా, బదులు పలికిందా అని గుర్తుపెట్టుకొని, తెల్లవారి అదే వైపు పోయి చెట్టుకింద తెల్లని మరకలు వెదకండి.