నాలుక క్రింది మాత్రయు, సిల్డెనాఫిల్ మాత్రయు

అంగస్తంభన లోపమునకు నేడు విరివిగా వాడబడుచున్న సిల్డెనాఫిల్ మొదట గుండెనొప్పికై పరిశోధింపబడిన మందు. 1998లో అమెరికాలో ఈ లోపమునకు మందుగా అనుమతి పొందెను. పలువురు తలచునట్లు ఇది కోరికను పుట్టించునది కాదు. కోరిక కలిగినప్పుడు రక్తనాళములను సడలించి అంగమునకు రక్తము చక్కగా ప్రవహింపజేయును.

ప్రమాదమును అచ్చటనే యున్నది. గుండెనొప్పికి నాలుక క్రింద ఉంచుకొను సార్బిట్రేట్ వంటి నైట్రేటు మాత్రలు కూడ రక్తనాళములను సడలించునవే. రెండును కలిసినచో రక్తపుపోటు హఠాత్తుగా పడిపోయి ప్రాణమునకే ముప్పు రావచ్చును. కావున నైట్రేటులు వాడువారు సిల్డెనాఫిల్‌ను ముట్టరాదు. సిల్డెనాఫిల్ వేసుకొనినవానికి గుండెనొప్పి వచ్చినచో నాలుక క్రింది మాత్ర పెట్టక, వెంటనే ఆసుపత్రికి చేర్చి, ఏ మందు ఏ వేళ వేసుకొనెనో వైద్యునికి తెలుపవలెను. ఆ క్షణమున సిగ్గు పనికిరాదు. సిల్డెనాఫిల్ పిమ్మట కనీసము 24 గంటలు, టడలాఫిల్ పిమ్మట 48 గంటలు నైట్రేటులు కూడవు.

వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందిది. మూలికల చూర్ణమైనచో భయము లేదనుకొనుటయు పొరపాటే. అట్టి కొన్నిటిలో ఈ మందే రహస్యముగా కలుపబడియుండుట పరీక్షలలో బయటపడినది.

సాధారణముగా వైద్యులు 50 మిల్లీగ్రాములతో ప్రారంభింతురు. సుమారు గంట ముందు, రోజునకు ఒక్కసారి మాత్రమే వేసుకొనవలెను. నేతివంటల భోజనము పిమ్మట గుణము ఆలస్యమగును. ఓపిక లేక రెండవ మాత్ర మ్రింగరాదు. స్తంభన 4 గంటలకు మించినను, చూపు హఠాత్తుగా పోయినను ఆసుపత్రికి పోవలెను.

మధుమేహము, రక్తపుపోటు, పొగత్రాగుట ఈ లోపమునకు తరచు కారణములు. ఒక్కొక్కప్పుడు గుండెజబ్బునకు ఇదియే తొలి సూచన. మాత్రకై వచ్చినవానికి వైద్యుడు ముందుగా రక్తపరీక్ష వ్రాయుట అందువలననే.