చిత్తకార్తె నుంచి అరవై మూడో రోజు

ఒళ్లు మండినప్పుడు మనవాళ్లు తిట్టే తిట్లలో ‘చిత్తకార్తె కుక్క’ ఒకటి. తిట్టును పక్కన పెట్టి చూస్తే అందులో ఒక పంచాంగం ఉంది. చిత్తకార్తె అక్టోబర్ 10, 11 తేదీల్లో వచ్చి రెండు వారాలుంటుంది. వీధికుక్కలు జత కోసం గుంపులు కట్టి తిరిగేది ఎక్కువగా ఆ రోజుల్లోనే. కుక్క కడుపు మోసేది దాదాపు 63 రోజులు. వేళ్ల మీద లెక్కపెట్టండి, డిసెంబర్ నడిమికి వస్తుంది. ధనుర్మాసం ముగ్గులు మొదలయ్యే వేళకు నల్లగొండ, పాలమూరు వాడల్లో కుక్కల ఈతలూ మొదలవుతాయన్నమాట. సంక్రాంతి నాటికి ఆ పిల్లలకు మూడు, నాలుగు వారాలు నిండుతాయి. తెల్లారేసరికి ముగ్గు మధ్యలో చిన్న చిన్న అడుగులు పడి ఉంటే ఎవరి పనో వేరే చెప్పాలా?

*

మేకకు ఐదు నెలలు. ఆవుకు తొమ్మిది దాటాలి, బర్రెకు పది దాటాలి. కుక్కకు రెండు నెలల మీద మూడు రోజులు చాలు. పిల్లికీ ఇంచుమించు అంతే.

*

ఇంట్లో పెంచుకునే కుక్కకైతే దాటించిన రోజును క్యాలెండర్‌లో చుట్టి పెట్టుకుంటారు. సరిగ్గా 63వ రోజున ఈనకపోతే కంగారుపడతారు. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క కడుపులో వారం దాకా బతికి ఉండగలవు. అండం ఎప్పుడు పక్వానికి వస్తే అప్పుడే అసలు లెక్క మొదలు. అందుకే దాటిన రోజు నుంచి చూస్తే ఈత 57వ రోజునైనా కావచ్చు, 70 దాటైనా కావచ్చు. ఎన్ని పిల్లలున్నాయో తెలుసుకోవాలంటే 55వ రోజు తర్వాత ఎక్స్‌రే తీయించడం మేలు. పిల్లల ఎముకలు ఎక్స్‌రేలో కనపడటం మొదలయ్యేదే 45వ రోజు దాటాక.

*

మా వాడలో ‘ఎర్రది’ అని పిలుచుకునే కుక్క ఉంది. నిరుడు డిసెంబర్‌లో అది ఈనడానికి ముందు రోజంతా దాన్ని గమనించాను. పొద్దున అన్నం పెడితే వాసన చూసి మూతి తిప్పుకుంది. రోజూ ఆ గిన్నె కోసం ఇంకో రెండు కుక్కలతో కొట్లాడేది అదే! పదకొండు గంటలప్పుడు, కట్టడం సగంలో ఆగిన ఇంటి ముందున్న ఇసుక కుప్పను ముందుకాళ్లతో తవ్వడం మొదలుపెట్టింది. కాసేపు తవ్వి, గుండ్రంగా తిరిగి పడుకుంటుంది. రెండు నిమిషాలు కాకుండానే లేచి పక్కన ఇంకో గుంత తవ్వుతుంది. చలికాలం, పైగా మబ్బు పట్టి ఉంది. అయినా నాలుక బయటపెట్టి ఒగురుస్తోంది. ఉండుండి వణుకుతోంది. వెనక్కి తిరిగి తన డొక్కనే చూసుకుంటోంది. గొర్రెల మందను తోలుకుపోతున్న పెద్దాయన ఆగి, “డొక్కలు గుంజుకపోయినయ్ సూడు బిడ్డా, ఇగ ఈ రాత్రి దాటది” అన్నాడు.

తెల్లవారుజామున ఐదు పిల్లలు.

ఆ పెద్దాయన కుక్కల డాక్టరేమీ కాదు. గొర్రెలో, బర్రెలో చూసే గుర్తులనే కుక్కలోనూ చూశాడు. నెలలు నిండేసరికి నడుము దగ్గరి కట్లు సడలుతాయి, కడుపు కిందికి దిగుతుంది, తోకకు ఇరువైపులా, డొక్కల్లో గుంతలు పడతాయి. మానం ఉబ్బి మెత్తబడుతుంది. తెల్లని జిగురు తీగలా సాగుతుంది. బర్రెల కొట్టంలో పెరిగినవాళ్లకు కుక్క ఈతను కొత్తగా నేర్పాల్సింది చాలా తక్కువ.

ఒక్క పాల విషయంలోనే తేడా. అంతకుముందు ఈనిన కుక్కకు వారం ముందే చన్నుల్లో పాలు దిగవచ్చు. తొలిచూలు కుక్కకు ఈనే వేళ దాకా చుక్క కూడా రాకపోవచ్చు. కాబట్టి పాలను చూసి రోజు చెప్పడం కుదరదు. తిండి మానేయడమూ అంత నమ్మదగ్గ గుర్తు కాదు. ల్యాబ్రడార్లలో కొన్ని నొప్పులు మొదలయ్యే దాకా గిన్నె వదలవు.

*

అన్నిటికంటే నికరమైన సాక్ష్యం కోవిడ్ రోజుల్లో మనం కొనుక్కున్న డిజిటల్ థర్మామీటరు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. గర్భాన్ని నిలిపి ఉంచేది ప్రొజెస్టిరాన్ అనే హార్మోను. ఒంటిని కాస్త వెచ్చగా ఉంచేదీ అదే. ఈతకు ఒక రోజు ముందు అది ఒక్కసారిగా పడిపోతుంది, దాంతోపాటు వేడీ 99 లోపుకు దిగుతుంది. అక్కణ్నుంచి సాధారణంగా 24 గంటల లోపే నొప్పులు మొదలవుతాయి. ఆ దిగుడు కొన్ని గంటలే ఉంటుంది కనుక ఆఖరి వారంలో పొద్దున, సాయంత్రం రెండు పూటలా చూడాలి. కొనకు కొబ్బరినూనె రాసి, తోక కింద మలద్వారంలో పెట్టి చూడటమే పద్ధతి. ఇంటి కుక్కకైతే చెల్లుతుంది. ఎర్రది లాంటి వీధి మహారాణికి ఎవరు పెడతారు? దాని దగ్గర ఇసుక తవ్వకమే మనకు థర్మామీటరు.

*

మగకుక్క ముఖం చూడని కుక్క కూడా ఒక్కోసారి గుంత తవ్వుతుంది, చన్నులు చేపుతుంది, ఇంట్లో చెప్పు ఒకటి నోట కరుచుకుపోయి మూలన పెట్టుకుని, దగ్గరికొస్తే గుర్రుమంటుంది. ఎద అయ్యాక కడుపు నిలిచినా నిలవకపోయినా కుక్క ఒంట్లో ప్రొజెస్టిరాన్ దాదాపు ఒకే తీరుగా రెండు నెలలు ఉండి దిగిపోతుంది. అందుకే ఒళ్లే మోసపోతుంది. ఆడవాళ్లకు వాడే గర్భ పరీక్ష కిట్ కుక్కకు పనికిరాదు. కడుపుతో ఉన్న కుక్క రక్తంలో మాత్రమే బాగా పెరిగే రిలాక్సిన్ అనే హార్మోనును డాక్టర్లు వెతుకుతారు.

*

పచ్చ రంగు గురించి ఒక మాట గుర్తుపెట్టుకోండి. కుక్క మాయ అంచుల్లో ముదురు ఆకుపచ్చ రంగు ఉంటుంది. తొలి పిల్ల బయటపడ్డాక పచ్చని ద్రవం కారితే భయం లేదు, కుక్కల్లో అది మామూలే. కానీ ఒక్క పిల్లా పుట్టకముందే పచ్చగా కారుతోందంటే లోపల మాయ ఊడిందని అర్థం. పిల్లకు ఊపిరి అందడం లేదు. అప్పుడు గంటలు చూడకూడదు, దవాఖానకు తీసుకెళ్లాలి.

మిగతా లెక్కలివి. తవ్వకాలు, ఒగర్పులతో సాగే తొలిదశ 6 నుంచి 12 గంటలు ఉంటుంది, తొలిచూలుకు రోజంతా పట్టినా పట్టవచ్చు. అది ఓపిక పట్టాల్సిన కాలం. బలంగా ముక్కడం మొదలయ్యాక అరగంటలో పిల్ల రాకపోయినా, ఒక పిల్లకూ ఇంకో పిల్లకూ మధ్య రెండు గంటలు దాటినా, వేడి 99 లోపుకు దిగి 24 గంటలైనా ఏమీ జరగకపోయినా డాక్టరును పిలవాలి. పిల్ల తోక వైపు నుంచి వస్తోందని మాత్రం బెదరొద్దు. పదింట నాలుగు దాకా అలాగే పుడతాయి.

*

పాడి ఉన్న కొన్ని ఇళ్లలో, బర్రె పాలు చేపడానికి దొంగచాటుగా వేసే ఆక్సిటోసిన్ సీసా దొరుకుతుంది. బర్రెకు అలా వేయడాన్నే చట్టం ఒప్పదు. “నొప్పులు రావట్లేదు, కొంచెం ఎక్కిద్దాం” అని దాన్ని కుక్కకు పొడవడం ఇంకా ఘోరం. పిల్ల అడ్డం తిరిగి దారి మూసుకుపోయి ఉంటే ఆ మందుకు గర్భసంచే చిట్లవచ్చు. లోపల ఏముందో చూశాకే డాక్టరు ఆ సూది ముట్టుకుంటాడు.

కాల్షియం టానిక్కుల సంగతీ అంతే. కడుపుతో ఉందని ప్రేమగా సీసాలు సీసాలు తాగిస్తే, ఎముకల్లోంచి కాల్షియం తీసుకోవడం ఒళ్లు మరిచిపోతుంది. పిల్లలు పాలు జోరుగా తాగే రెండు, మూడు వారాలప్పుడు రక్తంలో కాల్షియం పడిపోయి, తల్లి కాళ్లు బిగుసుకుపోయి వణుకుతుంది. బర్రెలకు ఈనగానే వచ్చే పాలజ్వరానికి ఇది చెల్లెలు. వెంటనే సెలైన్‌లో కాల్షియం ఎక్కించకపోతే ప్రాణం పోతుంది.

*

2003 నాటి హచ్ ఫోన్ ప్రకటన పుణ్యమా అని పగ్ కుక్కలు మన చిన్న పట్నాలకూ వచ్చేశాయి. చప్పిడి మూతి, పెద్ద తల జాతులకు ఈత కష్టం. బుల్‌డాగ్‌లలో 80 శాతానికి పైగా ఈతలు సిజేరియన్లేనని 2010లో బ్రిటన్‌లో ఒక అధ్యయనం చెప్పింది. మన ఊరకుక్క ఇసుక కుప్పలో మంత్రసాని లేకుండా ఐదింటిని కనేస్తుంది. అందం ఎవరిదో మీరే చెప్పండి.

*

ఒకే ఈతలో నల్లది, ఎర్రది, మచ్చలది కనిపిస్తే తండ్రులు ఇద్దరో ముగ్గురో అయ్యుండవచ్చు. కుక్కల్లో అది సాధ్యమే.

*

ఒక్క ఈతలో ఎక్కువ పిల్లల గిన్నిస్ రికార్డు 24. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌షైర్‌లో 2004 నవంబర్ 29న టియా అనే నియాపోలిటన్ మాస్టిఫ్ కుక్క కన్నది. తల్లికి ఉండే చన్నులు మాత్రం ఎనిమిదో, పదో.

*

పుట్టిన పిల్లకు కళ్లు కనపడవు, చెవులు వినపడవు, తన ఒంటి వేడిని తాను కాపాడుకోలేదు, తల్లి నాకితే తప్ప మూత్రం కూడా పోయలేదు. కళ్లు తెరుచుకునేది 10 నుంచి 14 రోజుల మధ్య. తొలివారంలో పిల్లల ప్రాణం తీసే వాటిలో చలి ఒకటి. అందులోనూ మన చిత్తకార్తె లెక్క వాటిని సరిగ్గా డిసెంబర్ చలిలోకి దింపుతుంది.

*

ఇసుక కుప్ప, గడ్డివాము, రోడ్డు కింది తూము, ఆగి ఉన్న ట్రాక్టర్ ట్రాలీ నీడ, మిర్యాలగూడ రైస్‌మిల్లుల దగ్గర ఊక గుట్ట. ఈనబోయే కుక్క ఊరికి దూరంగా ఏ గుట్టల్లోకో పోకుండా జనం మధ్యే ఎందుకు చోటు వెతుక్కుంటుంది? కోల్‌కతాలోని ఐసర్ (IISER) పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వీధికుక్కల ఈత గుంతలను లెక్కగట్టి చూసి, అవి మనుషుల ఇళ్లకు దగ్గర చోట్లనే కోరి ఎంచుకుంటాయని 2016లో రాశారు. తిండి దొరుకుతుందన్న నమ్మకం. అదే బృందం అదే ఏడాది 95 ఈతల్లోని 364 పిల్లలను వెంబడించి చూసింది. ఏడు నెలలు బతికినవి 19 శాతమే. చనిపోయిన వాటిలో 63 శాతం చావుల వెనక బండ్లో, విషమో, ఎత్తుకుపోవడమో, ఏదో రకంగా మనిషి చెయ్యే ఉంది. మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో 2024 ఫిబ్రవరిలో ఒక్క రాత్రి ఇరవై వీధికుక్కలను కాల్చి చంపిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫిబ్రవరి అంటే చిత్తకార్తె ఈత పిల్లలు ఇంకా తల్లి వెంట తిరిగే నెల.

ఈనిన కుక్క దగ్గరికి పోతే మీదికొస్తుంది, నిజమే. నాలుగు వారాలు దాటితే ఆ ఉరుకు తగ్గుతుంది. అప్పటిదాకా ఇంట్లో పిల్లలను ఆ దారికి పోనివ్వకండి, కుక్కపిల్లల్ని తల్లి దగ్గర్నుంచి ఎత్తుకురానివ్వకండి. ఆఖరి పిల్ల తాగడం మానేశాక మున్సిపాలిటీ వాళ్లకు చెప్పి తల్లికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించండి. వచ్చే చిత్తకార్తెకు మీ వాడలో గుంపులు తగ్గుతాయి.

ఈలోగా డిసెంబర్‌లో కడుపు నేలకు వేలాడుతూ నడిచే కుక్క మీ గేటు దగ్గర తవ్వడం మొదలుపెడితే, దాన్ని అదిలించకండి. వానకు, గాలికి అడ్డం ఉన్న మూలన ఒక పాత గోనెసంచి పరిచి, పక్కన నీళ్ల గిన్నె పెట్టి, లోపలికి వచ్చేయండి.