ఫొటో వెనుక రాత

పాత రోజుల్లో ఫొటో తీయించుకుంటే, వెనుక వైపున పేర్లు, ఊరు, తేదీ రాసి పెట్టేవారు. కంప్యూటర్‌లో పెట్టే ఫొటోకు కూడా అలాంటి రాత ఒకటుంటుందని నాకు మా పెద్దమ్మ వల్ల తెలిసింది.

పూండిలో ఉంటున్న పెద్దమ్మకు నీటికాసుల వల్ల చూపు పోయింది. మా అబ్బాయి ఇంట్లోవాళ్ల ఫొటోలతో ఒక వెబ్ పేజీ తయారుచేశాడు. సెల్‌ఫోనే చదివి వినిపిస్తుందని ఆమె చేతికిచ్చాం. ఫోను రాతలన్నీ చదివింది గాని, ఫొటో వచ్చినప్పుడల్లా 'ఇమేజ్' అని ఊరుకుంది. "అందులో మీ పెదనాన్న ఉన్నారా నాయనా?" అని ఆమె అడిగితే నాకు నోట మాట రాలేదు.

వెబ్ పేజీలోని అంశాలకు కొన్ని వివరాలు జతచేయవచ్చు. వాటిని ఆట్రిబ్యూట్లు అంటారు. ఫొటోలో ఏముందో మాటల్లో చెప్పేది 'ఆల్ట్'. మామూలుగా అది మన కంటికి కనిపించదు, చదివే ఫోనుకు మాత్రం అదే ఆధారం. ఆ వివరాన్ని చదివి తెచ్చే ఆజ్ఞ 'గెట్‌ఆట్రిబ్యూట్'. 1995లో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్ట్‌లో దీన్ని వాడతారు. 1998లో వెలువడిన 'డామ్' ప్రమాణంలో ఇది ఉంది.

కామర్స్ చదివిన నేను అబ్బాయి పక్కన కూర్చుని ఆ ఆజ్ఞ టైపు చేశాను. పన్నెండు ఫొటోల్లో పదకొండింటికి 'నల్' అని వచ్చింది. అంచున పెట్టిన ముగ్గు బొమ్మకు మాత్రం ఖాళీ వచ్చింది. రెండూ ఒకటే గదా అన్నాను. కాదట! 'నల్' అంటే ఆ వివరమే పెట్టలేదని అర్థం. ఖాళీ అంటే, ఇది అలంకారమే, చదవనక్కర్లేదని కావాలని చెప్పడం. మా బ్యాంకులోనూ అంతే. గడి వదిలేస్తే ఆడిటరు ప్రశ్నిస్తాడు, 'నిల్' అని రాస్తే ఒప్పుకుంటాడు.

లోటు ఎక్కడుందో ఆజ్ఞ చూపింది. ఫొటోల్లో ఎవరున్నారో పెద్దమ్మే చెప్పాలి. నేను ఒక్కో ఫొటో వర్ణిస్తుంటే ఆమె గుర్తుపట్టి చెప్పింది, అబ్బాయి రాసుకున్నాడు. ఒకటి 1996లో, కండలేరు నుంచి కాలువ ద్వారా కృష్ణా నీళ్లు పూండి రిజర్వాయరుకు వచ్చినప్పటిది. కట్ట మీద పెదనాన్న, భుజాన తువ్వాలు.

మర్నాడు ఫోను ఆ మాటలు చదివింది. పెద్దమ్మ మళ్లీ పెట్టమంది.

మీ పిల్లలు ఫొటోలు పెడుతుంటే ఆ 'ఆల్ట్' రాయించండి. చెప్పగలిగిన పెద్దలు ఇంట్లో ఉండగానే రాయించండి.