పేరు మిగిలిన చెట్లు, పేరు మిగలని చిత్రకారులు

లేపాక్షి ఆలయ మంటపంలో తల పైకెత్తితే 16వ శతాబ్దపు వర్ణచిత్రాలు కనిపిస్తాయి. ఆలయాన్ని కట్టించిన విరూపణ్ణ పేరు ఇక్కడ అందరికీ తెలుసు. ఆ చిత్రాలకు రంగులద్దిన వారి పేర్లు మాత్రం ఎవరి నోటా వినిపించవు. మన అడవుల చెట్లను చిత్రించిన ఒక ప్రాచీన గ్రంథం విషయంలోనూ ఇదే జరిగింది.

ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ 18వ శతాబ్దం చివర సామర్లకోటలో ఉంటూ ఈ ప్రాంతపు వృక్షజాతులను పరిశీలించాడు. ఆ కృషి నుంచే ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే గ్రంథం వెలువడింది. అది 1795లో మొదలై సుమారు పాతికేళ్ల పాటు మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. అందులో 300 చిత్రఫలకాలున్నాయి. మన దేశపు చిత్రకారులు కొమ్మను, పువ్వును, కాయను చూసి గీసిన బొమ్మలను అక్కడ రాగిరేకులపై చెక్కి అచ్చువేశారు.

మోదుగ, తాటి, బిల్లు, తుమికి ఆ పుటల్లో ఉన్నాయి. ఎన్నో ఇళ్లలో మన తల్లులు బీడీలు చుట్టి కుటుంబాన్ని పోషించింది ఆ తుమికి ఆకుతోనే. జ్వరానికి వాడే బెరడుగల సోమిద చెట్టుకైతే, తెలుగువారు పిలిచే పేరే శాస్త్రనామంలోనూ స్థిరపడింది. చెట్ల తెలుగు పేర్లను రాక్స్‌బర్గ్ శ్రద్ధగా నమోదు చేశాడు. చిత్రకారుల పేర్లకు మాత్రం ఆ గ్రంథంలో చోటు దక్కలేదు.

అంతకు దాదాపు రెండు శతాబ్దాల ముందు పాదుషా జహంగీర్ వేరొక దారి చూపాడు. కాశ్మీరు పూలను చిత్రించిన ఉస్తాద్ మన్సూర్ పేరును తన ఆత్మకథలో రాసుకున్నాడు. ‘నాదిరుల్ అస్ర్’ అనే బిరుదు కూడా ఇచ్చాడు. అందువల్లనే ఆ కళాకారుణ్ణి నేటికీ పేరుపెట్టి తలచుకోగలుగుతున్నాం.

రాసిపెట్టిన పేరు నిలుస్తుంది, రాయని పేరు ఒకటి రెండు తరాల్లో చెరిగిపోతుంది. పెనుకొండ గుట్టల్లో, హిందూపురం, ధర్మవరం పొలిమేరల్లో ఏ చెట్టును ఏమని పిలుస్తారో చెప్పగల పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. ఈ సెలవుల్లో పిల్లలను దాదీ, నానీల దగ్గర కూర్చోబెడదాం. ఒక్కో చెట్టు బొమ్మ గీయించి, కింద దాని పేరు రాయిద్దాం. ఆ పేరు చెప్పిన వారెవరో, బొమ్మ గీసిన వారెవరో కూడా మరవకుండా రాయిద్దాం.