పిలువని చుట్టములు



చెఱువు త్రవ్వించుటను, వనము పెంచుటను మన పూర్వులు సప్తసంతానములలో చేర్చిరి. ఈ రెండును చక్కగా నున్న ఊరికి పిలువకయే వచ్చు చుట్టములు కొన్ని కలవు. అవి నీటిపక్షులు. వానిని నిలుపుకొనుట ప్రభుత్వోద్యోగులవలన మాత్రమే కాదు. ఊరి పెద్దల మాటవలన అగును. ఈ విషయమునే నేడు మనవి చేయదలచితిని.

సూళ్లూరుపేటకు చేరువనున్న నేలపట్టు చెఱువును చూడుడు. ఈశాన్య ఋతుపవనపు వానలకు చెఱువు నిండగనే గూడబాతులు, అనగా ముక్కు క్రింద సంచి గల పెద్ద పక్షులు, వచ్చి నీటిలో నిలిచిన చెట్లపై గూళ్లు కట్టును. చుట్టును నీరుండుటచే నక్కలు, పిల్లులు ఆ గూళ్లను చేరజాలవు. పులికాట్ సరస్సు చేరువనుండుటచే చేపలకు కొదువ లేదు. పక్షుల రెట్ట నీటిలో కలిసి, ఆ నీరు పాఱిన పొలమునకు ఎరువగును. 1976లో ప్రభుత్వము ఈ చెఱువును పక్షి సంరక్షణ కేంద్రముగా ప్రకటించెను.

ఇట్టి పక్షులు సైబీరియానుండి వచ్చునని పలువురు చెప్పుదురు. అది పొరపాటు. గూడబాతులును, హిందూపురమునకు చేరువ వీరాపురమున చింతచెట్లపై గూళ్లు కట్టు ఎఱ్ఱకాళ్ల కొంగలును మన దేశపు పక్షులే. నీరున్న చోటు వెదకికొనుచు ఒక చెఱువునుండి మఱియొక చెఱువునకు తరలుచుండును. మన చెఱువులు చెడినచో వానికి తలదాచుకొన దూరదేశమేదియు లేదు.

చెడినచో నేమగునో కొల్లేరు చెప్పును. 1946లో కె.కె. నీలకంఠన్ అను పక్షిశాస్త్రజ్ఞుడు నాటి పశ్చిమ గోదావరి జిల్లాలో, కొల్లేటి సమీపమున, గూడబాతుల పెద్ద స్థావరమును చూచి లోకమునకు తెలిపెను. కొన్ని దశాబ్దములకు ఆ స్థావరము శూన్యమాయెను. పిమ్మట అటవీశాఖవారు ఆటపాక వద్ద నీటిలో ఇనుప మంచెలు నిలుపగా, పక్షులు వానిపై గూళ్లు కట్టుకొనుచున్నవి. చెట్టు ఊరక యిచ్చిన ఆశ్రయమును ఇనుము పెట్టి కొనవలసి వచ్చినది.

పక్షులు చేపలు తినవా, చెఱువు వేలపుపాట తగ్గదా యని రైతు అడుగవచ్చును. తినును, కాదనరాదు. కాని ఒక్క యేటి పాట చూచుకొని గూళ్లున్న చెట్లను నఱికించినచో, ఆ లోటు పూడుటకు ఒక తరము పట్టును.

కావున ఊరివారు స్వచ్ఛందముగా చేయదగినవి కొన్ని మనవి చేసెదను. చెఱువునకు నీరు తెచ్చు కాలువలు పూడకుండ, ఆక్రమణకు లోనుగాకుండ వేసవిలోనే చూచుకొనవలెను. చెఱువులోని చెట్లను కొట్టనీయరాదు. గ్రుడ్డు పొదుగుటకే నెల పట్టును. పిల్ల ఎగురుటకు మఱి కొన్ని మాసములు. అంతవఱకు ఉండేలును, బాణసంచాను దూరముగా నుంచవలెను. బెదరిన తల్లి గూడు విడిచినచో కాకి గ్రుడ్డు నెత్తుకొనిపోవును. పసిపిల్ల ఎండకు మాడును. పక్షులను వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి పంచాయతీకిని ఒక జీవవైవిధ్య యాజమాన్య సంఘముండవలెనని చెప్పుచున్నది. మీ ఊర అది యున్నదో లేదో విచారింపుడు. ప్రతి జనవరిలో జరుగు ఆసియా నీటిపక్షుల గణనకు స్వచ్ఛంద సేవకులే ఆధారము. చదువుకొను పిల్లలను వెంటబెట్టుకొని మీరును లెక్కింపుడు. లెక్క యున్ననే తఱుగుట తెలియును.

చట్టము చెఱువుగట్టున నిత్యము కాపలా కాయజాలదు. ఱాయి ఎత్తిన బాలునితో “వద్దు నాయనా” యని చెప్పగల పెద్ద యొక్కరు గట్టున నున్నచో, మఱు సంవత్సరమును ఆ చుట్టములు మీ ఊరికే వచ్చును.