కొండ పొదపిగిలి – ఒక పిట్టకథ

ఒకనాటి ఉదయం దేవరకొండ దుర్గం మీద విద్యార్థులతో కూర్చుని ఉండగా, పక్క పొదలో పిట్ట ఒకటి కూసింది. తలమీద నల్లని కుచ్చు, తోక కింద ఎరుపు.

"అదేం పిట్ట సార్?" అన్నాడు ఒక కుర్రవాడు.

"పిగిలిపిట్ట" అన్నాను.

"మరి నిఘంటువులో 'పక్షివిశేషము' అనే ఉన్నది కద సార్! ఏ పక్షో ఎట్ల తెలుస్తది?"

నవ్వి ఊరుకున్నాను గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పేరుకూ పిట్టకూ ముడి వేసేది ఏది?

శాస్త్రజ్ఞులు ఆ ముడిని మ్యూజియంలో భద్రపరుస్తారు. కొత్త పక్షిని ఏ చర్మం చూసి వర్ణించి పేరు పెట్టారో, దానిని 'టైపు' అంటారు. లోపల దూది కూరి, కాలికి చీటీ కట్టి, సొరుగులో వెల్లకిలా పడుకోబెడతారు. రేపు ఆ పేరు మీద తగవు వస్తే ఆ చర్మమే సాక్షి. పాఠభేదం వచ్చినప్పుడు మనం పాత తాళపత్రప్రతి కోసం వెదకమా, అలాగే!

మన తూర్పు కనుమల పిట్టకూ ఇటువంటి కథ ఒకటి ఉన్నది. థామస్ జెర్డన్ మద్రాసు సైన్యంలో డాక్టరు. తొలినాళ్ళలో తాను సేకరించిన పక్షులను పోల్చి చెప్పమని స్కాట్లండులోని సర్ విలియం జార్డిన్‌కు పంపాడు. అవి చేరేసరికి చిమ్మెటల పాలయ్యాయి. ఇక లాభం లేదని తానే పూనుకొని, 1839–40లో 420 పక్షుల పట్టిక ప్రకటించాడు. 1844లో నెల్లూరుకు సివిల్ సర్జనుగా వచ్చాడు. అక్కడి యానాదుల నుంచి ఎన్నో సంగతులు తెలుసుకున్నాడు. 1845లో, మద్రాసులో వెలువడుతున్న తన సచిత్ర గ్రంథంలో, పసుపుపచ్చని గొంతు గల ఒక పిగిలిని వర్ణించాడు. గ్రీకు మాటలతో 'జాంతోలీమస్' – పచ్చగొంతుది – అని నామకరణం చేశాడు. తెలుగువారి మాటేమో 'కొండ పొదపిగిలి'.

అప్పటికి 'ఇదే టైపు' అని చీటీ మీద వ్రాసే ఆచారం స్థిరపడలేదు. జెర్డన్ చర్మాలా, పలు చేతులు మారాయి. కొన్ని కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో ఎడ్వర్డ్ బ్లైత్ వద్దకు చేరాయి. ఆ సంస్థ సేకరణ తరువాత ఇండియన్ మ్యూజియంకు సంక్రమించింది. కొన్ని స్ట్రిక్లండ్ పండితుని సేకరణతో కేంబ్రిడ్జిలో ఉన్నాయి. లండను బ్రిటిష్ మ్యూజియం పక్షులు 1970ల నుంచి ట్రింగ్ అనే ఊళ్ళో ఉంటున్నాయి. అందుచేత టైపును వెదకేవారు చీటీ మీది దస్తూరీ, ఊరు, తేదీ, ఇచ్చినవారి పేరు, పాత రిజిస్టరు – అన్నీ సరిచూసుకుంటారు. చర్మాన్ని పుస్తకంలోని వర్ణనతో, బొమ్మతో పోలుస్తారు. ఒక్క చీటీ ఊడితే చాలు, సాక్షి మూగబోయినట్లే.

ఈ పిగిలి దక్షిణ భారతదేశంలో తప్ప మరెక్కడా లేదు. బండరాళ్ళూ ముళ్ళపొదలూ ఉన్న గుట్టలే దాని నివాసం. హార్సిలీ కొండల్లో కనబడుతుంది. ఆ గుట్టలనే మనం గ్రానైటు కోసం తొలిచివేస్తున్నాం. ప్రమాదపు అంచున ఉన్న జాతుల్లో దానిని చేర్చారు. సొరుగులోని చర్మం పేరును నిలుపుతుంది గాని, పాటను నిలపగలదా?

మరునాడు కళాశాలలో నా నిఘంటువు తెరచి, 'పక్షివిశేషము' పక్కన పెన్సిలుతో వ్రాశాను: "నల్ల కుచ్చు, తోక కింద ఎరుపు. దేవరకొండ దుర్గం పొదల్లో చూచినది."

వెనుక నిలబడి చూస్తున్న ఆ కుర్రవాడు, "తేదీ కూడ వెయ్యండి సార్" అన్నాడు.

వేశాను.